ఆశాపాశం, నిరీక్షణసూత్రం: లేఖనాదరణపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

డిసెంబరు 31 రాత్రి తెలుగునాట క్రైస్తవ మందిరాలలో జరిగే ఆరాధనకు ఒక ప్రత్యేకత ఉంది. అర్ధరాత్రి దాటి కొత్త సంవత్సరం ప్రవేశించాక చాలా సంఘాలలో విశ్వాసులు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి, పళ్లెంలోనో పెట్టెలోనో ఉంచిన చిన్న అట్టముక్కలలో ఒకదాన్ని తీసుకుంటారు. దానిమీద బైబిలు వాక్యం ఒకటి అచ్చయి ఉంటుంది. దానికి ‘వాగ్దానం’ అని పేరు. చదువు వచ్చినవారు తమకు వచ్చినదాన్ని చదువుకుంటారు. రానివారు పక్కవారిచేత చదివించుకుంటారు. ఆ ముక్క ఏడాది పొడవునా బైబిలు పుటల నడుమనో, ఇంట్లో దేవుని పటం చెంతనో ఉండిపోతుంది. కొందరి ఇళ్లలో అదే వాక్యం గోడ క్యాలెండరు మీద కూడా కనిపిస్తుంది.

ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు ప్రాంతంలో ఈ ఆచారాన్ని పాటించే కుటుంబాలు ఎటువంటి బతుకుల మధ్య పాటిస్తున్నాయో గమనించదగినది. విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టణమిది. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిరప చేలు. పూత నిలిస్తే ఒక లెక్క, రాలితే మరొక లెక్క. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ. కొండూరు మండలాలు కలిసిన శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం. తోట కౌలుకు తీసుకున్నవారికీ, ఆ తోటలో కూలికి వెళ్లేవారికీ రేపటి గురించిన చింత నిత్యానుభవమే.

అటువంటి చేతిలోకి వచ్చిన వాక్యం ఇచ్చే ధైర్యం ఏ జాతికి చెందినది? ఉన్న స్థితిని ఎదుర్కొనే శక్తా, ఉన్న స్థితి నుంచి చూపు మరల్చుకొనే ఉపాయమా? ఒకరి కష్టానికి బదులుగా మరొకరు వాక్యం చెప్పడం ఎప్పుడు ధర్మం అవుతుంది, ఎప్పుడు కాదు? ఈ ప్రశ్నలు విశ్వాసులకు మాత్రమే పరిమితమైనవి కావు. దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడవలసి వచ్చే ప్రతి మనిషికీ ఇవి ఎదురవుతాయి. తెలుగు బైబిలులోని పదాలనూ, ఆ గ్రంథంలోని కొన్ని ఘట్టాలనూ ఆధారం చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆశ, నిరీక్షణ: రెండు తాళ్లు

తెలుగులో ‘ఆశ’ అనే మాటకు నిర్దోషమైన చరిత్ర లేదు. పేరాశ, దురాశ, అడియాస, ఆశపోతు వంటి మాటలన్నీ దాని పరివారమే. సంస్కృత నీతివాఙ్మయంలో ఈ అనుమానం మరింత ప్రబలం. భగవద్గీత పదహారవ అధ్యాయం అసురసంపద గలవారిని వర్ణించేటప్పుడు ఆశలను వందలకొద్దీ పాశాలుగా చెప్పింది. భర్తృహరి వైరాగ్యశతకంలో ఆశ దాటరాని నది. ఈ దృష్టిలో ఆశ మనిషిని కట్టివేసే తాడు, తెంచుకోవడమే విముక్తి. మన సాహిత్య సంప్రదాయంలో పెరిగిన పాఠకుడు ‘ఆశ కలిగి ఉండు’ అనే ఉపదేశాన్ని కొంత సంకోచంతో వినడం అందువల్ల సహజం.

క్రొత్త నిబంధన గ్రీకు మూలంలోని ‘ఎల్పిస్’ అనే పదానికి తెలుగు బైబిలు స్థిరంగా వాడే మాట ‘నిరీక్షణ’. గ్రీకులోనూ ఆ పదానికి మచ్చలేని పేరు లేదు. హెసియోడ్ చెప్పిన కథలో పండోరా కుండలోంచి కీడులన్నీ లోకంలోకి ఎగిరిపోగా, ఎల్పిస్ ఒక్కటి మూత కింద మిగిలిపోయింది. కీడుల కుండలో ఉన్నది మేలా, కీడా అని పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అటువంటి పదానికి తెలుగులో ‘ఆశ’ను గాక ‘నిరీక్షణ’ను ఎంచుకోవడం వెనుక అనువాదకుల ఉద్దేశం ఏదైనా, దాని ఫలితం ముఖ్యమైనది. నిరీక్షణలో ‘ఈక్షణం’ ఉంది, అంటే చూపు ఉంది. నిరీక్షించేవాడు కళ్లు తెరిచి ఎదురుచూస్తాడు. రాత్రి కావలివాడు ఉదయం కోసం చూసే చూపు అటువంటిది. చీకటిని చీకటిగా గుర్తించకుండా ఉదయం కోసం ఎదురుచూడడం సాధ్యం కాదు. ‘ఆశ’ వస్తువు మీదికి మళ్లే కోరిక. ‘నిరీక్షణ’ కాలంతో మనిషి పెట్టుకొనే సంబంధం.

తెలుగు బైబిలు ‘ఆశ’ను పూర్తిగా వెలివేయలేదు. నీటివాగుల కోసం తపించే దుప్పిలా దేవుని కోసం ప్రాణం తపిస్తున్నదని చెప్పే 42వ కీర్తనలో ‘ఆశపడు’ అనే క్రియనే వాడింది. మనిషిని పాపంలోకి ఈడ్చేదాన్ని యాకోబు పత్రికలో ‘దురాశ’ అన్నది. దాహం మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. నిరీక్షణ మాత్రం దాహం తీరకపోయినా నిలబడే స్థితి.

హీబ్రూ మూలంలో ఇందుకు దగ్గరి పదం ‘తిక్వా’. ఆ మాటకు నిరీక్షణ అనే అర్థంతోపాటు దారం, త్రాడు అనే అర్థం కూడా ఉంది. యెహోషువ గ్రంథంలో యెరికో పట్టణపు రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రని దారాన్ని చెప్పినది ఈ పదంతోనే. పట్టణమంతా కూలిపోయినప్పుడు ఆమె కుటుంబాన్ని గుర్తుపట్టి కాపాడినది ఆ దారమే. యోబు తన దినాలు నేతగాని నాడెకంటె వేగంగా సాగిపోతున్నాయనీ, నిరీక్షణ లేకుండా ముగుస్తున్నాయనీ వాపోయినచోట ఈ రెండు అర్థాలూ ఒకేసారి పలుకుతాయి. మగ్గం మీద దారం అయిపోయింది, బతుకులో నిరీక్షణ అయిపోయింది.

ఒక సంప్రదాయంలో ఆశ కట్టివేసే పాశం. మరొక సంప్రదాయంలో నిరీక్షణ కాపాడే సూత్రం. రెండూ తాళ్లే. బావిలో పడినవాడికి అందించే తాడూ, పశువును గుంజకు కట్టే తాడూ ఒకే నారతో పేనినవి కావచ్చు. వాటి మధ్య తేడా రెండో కొస ఎక్కడ ఉన్నదనే విషయంలో ఉంటుంది. లేఖనం ఇచ్చే ధైర్యాన్ని పరీక్షించేటప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: అది మనిషిని ఉన్నచోటే కట్టివేస్తున్నదా, పైకి తెస్తున్నదా?

గ్రంథం చేతికి రావడం

ఈ ప్రశ్నకు చారిత్రక నేపథ్యం ఉంది. బైబిలును తెలుగులోకి తెచ్చే ప్రయత్నం పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలోనే బెంజమిన్ షుల్జ్ చేతిమీదుగా మొదలైనా అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్‌కు చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్‌లు ఆనందరాయరు అనే తెలుగు పండితుని తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. క్రొత్త నిబంధన 1818లోనూ, సంపూర్ణ బైబిలు 1854లోనూ వెలువడ్డాయి.

కృష్ణా ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లతో ప్రారంభమైంది. నోబుల్ తన శ్రమనంతా పాఠశాల మీద, ముఖ్యంగా అగ్రవర్ణ విద్యార్థుల మీద కేంద్రీకరించాడు. అయితే ఉద్యమం ఊపందుకొన్నది మరొక దిక్కునుంచి. రాఘవాపురం గ్రామానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలుసుకున్నాడు. మిషనరీ తన వద్దకు రాకముందే అతడు విగ్రహారాధన మాని, తాను ఎరుగని ఒక్క దేవుని కోసం వెదుకుతున్నాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. అతడు, అతని బంధువులు క్రైస్తవం స్వీకరించడంతో ఈ ప్రాంతంలోని మాలపల్లెలలోకీ, తరువాత మాదిగపల్లెలలోకీ కొత్త మతం ప్రవేశించింది. 1912 డిసెంబరు 29న దోర్నకల్ అధ్యక్షునిగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

ఈ చరిత్రలో నైతికంగా గుర్తించవలసిన అంశం ఒకటుంది. శతాబ్దాలుగా అక్షరానికి, శాస్త్రశ్రవణానికి దూరంగా ఉంచబడిన మనుషుల చేతికి ఒక గ్రంథం వచ్చింది. అందులో ఏమున్నదన్నది తరువాతి సంగతి. ‘ఇది నీకోసం రాయబడింది’ అని ఒక గ్రంథాన్ని చూపి చెప్పడమే మొదటి ఆదరణ. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక పదిహేనవ అధ్యాయంలో, పూర్వం రాయబడిన లేఖనాలు మనకు బోధ కలిగించడానికీ, ఓర్పు ద్వారా, ఆదరణ ద్వారా నిరీక్షణ కలిగించడానికీ రాయబడ్డాయని చెప్పాడు. ‘మనకు’ అన్న మాటలో తమనూ లెక్కించుకోగలగడం పల్లెవాసులకు చిన్న విషయం కాదు.

ఇక్కడ ‘ఆదరణ’ అనే తెలుగు మాట మూలంకంటె ఒక మెట్టు ఎక్కువే చెబుతుంది. గ్రీకు ‘పరాక్లేసిస్’కు పక్కకు పిలవడం, పక్కన నిలిచి ధైర్యం చెప్పడం అని అర్థం. తెలుగులో ఆదరించడమంటే ఓదార్చడం మాత్రమే కాదు; గౌరవించడం, ఇంటికి వచ్చినవారికి పీట వేసి అన్నం పెట్టడం. అనాదరణ అంటే చిన్నచూపు. కనుక తెలుగు పాఠకుడు ఆ వాక్యాన్ని చదివినప్పుడు గౌరవం నుంచి నిరీక్షణ పుడుతుందనే అర్థం కూడా స్ఫురిస్తుంది.

ఈ అర్థం ఆ సందర్భానికి పరాయిది కూడా కాదు. పౌలు ఆ మాటలు రాసినది ఒక భోజన వివాదం నడుమ. రోమా సంఘంలో కొందరు మాంసం తినేవారు, కొందరు కూరగాయలు మాత్రమే తినేవారు. ఒకరినొకరు తృణీకరించుకుంటున్నారు, తీర్పు తీర్చుకుంటున్నారు. బలవంతులు బలహీనుల భారాన్ని భరించాలనీ, క్రీస్తు చేర్చుకున్నట్టే ఒకరినొకరు చేర్చుకోవాలనీ పదిహేనవ అధ్యాయం బోధిస్తుంది. లేఖనాలనుంచి కలిగే నిరీక్షణ గురించిన ప్రసిద్ధ వాక్యం సరిగ్గా ఈ రెండు ఆదేశాల నడుమ ఉంది. అంటే పౌలు దృష్టిలో ఆ నిరీక్షణ ఒంటరిగా కూర్చుని ఒక వాక్యం చదువుకుంటే కలిగేది మాత్రమే కాదు. ఒకే పంక్తిలో కూర్చోవడం నేర్చుకున్న సమాజంలో కలిగేది. మాల, మాదిగ సంఘాలు వేర్వేరు మందిరాలుగా నిలిచిపోయిన ఊళ్లకూ, కులం చూసి సంబంధాలు కలుపుకొనే క్రైస్తవ కుటుంబాలకూ ఈ సందర్భం ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తుంది. పంక్తిని విడదీసి వాక్యాన్ని మాత్రం పంచుకుంటే, ఆ వాక్యం తన ఇంటినుంచి వెళ్లగొట్టబడినట్టే.

వాగ్దానమూ దాని గడువూ

వాగ్దానపు అట్టల మీద తరచుగా కనిపించే వాక్యాలలో యిర్మీయా గ్రంథం ఇరవై తొమ్మిదవ అధ్యాయంలోని పదకొండవది ఒకటి. దేవుడు తన ప్రజల విషయంలో తలచినవి కీడు తలంపులు కావనీ, వారికి నిరీక్షణ గల భవిష్యత్తు ఇచ్చే క్షేమపు తలంపులనీ దాని సారం. ఒంటరిగా చదివితే అది రాబోయే ఏడాదిలో మేలు జరుగుతుందన్న హామీలా వినిపిస్తుంది. దాని సందర్భం వేరు.

అది బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన లేఖలోని వాక్యం. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే మరొక ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో చెర ముగుస్తుందనీ, దోచుకుపోయిన దేవాలయపు ఉపకరణాలు తిరిగి వస్తాయనీ అతడు ప్రకటించాడు. యిర్మీయా మెడమీద ఉన్న కొయ్య కాడిని తీసి అందరి ఎదుట విరిచాడు. వినడానికి ఎంత ప్రోత్సాహకరమైన మాట! యిర్మీయా మొదట ‘అలాగే జరుగుగాక’ అన్నాడు. అతడికీ అదే కావాలి. కానీ అది నిజం కాదని అతడికి తెలుసు. ఆ తరువాత రాసిన లేఖలో అతడు చెప్పిన గడువు 70 ఏళ్లు. ఇళ్లు కట్టుకొని కాపురం ఉండమన్నాడు, తోటలు నాటి ఫలాలు తినమన్నాడు, పెళ్లిళ్లు చేసుకోమన్నాడు, తమను చెరపట్టిన పట్టణపు క్షేమాన్నే కోరమన్నాడు. క్షేమపు తలంపుల వాక్యం వచ్చేది వీటన్నిటి తరువాత. ఆ లేఖ చదివిన పెద్దలలో అత్యధికులు తిరుగు ప్రయాణాన్ని చూడకుండానే కన్నుమూసి ఉంటారు.

హనన్యా, యిర్మీయా ఇద్దరూ ధైర్యమే చెప్పారు. దేవుని పేరుతోనే చెప్పారు. ఇద్దరి మధ్య తేడా సత్యంలో, గడువులో, మనిషికి మిగిల్చిన పనిలో ఉంది. హనన్యా మాట విన్నవాడు చేయవలసినది ఏమీ లేదు. రెండేళ్లు లెక్కపెట్టుకుంటే చాలు. యిర్మీయా మాట విన్నవాడు రేపు ఉదయం లేచి పునాది తవ్వాలి, మొక్క నాటాలి. మామిడి నాటినవాడికి ఈ తేడా విడమరిచి చెప్పనవసరం లేదు. మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ నీళ్లు పోయాలి. పూర్తి ఫలం తినేది మనుమలు కావచ్చు.

యిర్మీయా తన మాటకు తానే పూచీ పడిన ఘట్టం ముప్ఫై రెండవ అధ్యాయంలో ఉంది. యెరూషలేము ముట్టడిలో ఉంది. తాను ఖైదులో ఉన్నాడు. ఆ స్థితిలో స్వగ్రామమైన అనాతోతులో ఒక పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పిలిచాడు, క్రయపత్రం రాయించి ముద్ర వేశాడు, దస్తావేజులు చాలాకాలం చెడకుండా మట్టికుండలో భద్రపరచమన్నాడు. శత్రుసైన్యం చేతిలోకి పోబోతున్న భూమిని కొనడం వ్యాపారదృష్టితో చూస్తే పిచ్చితనం. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు కొనబడతాయన్న నమ్మకానికి అది రిజిస్టరైన రుజువు. నిరీక్షణ ఎంత నిజమైనదో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి గీటురాయి లేదు: చెప్పినవాడు దానికోసం తన సొమ్ములో ఎంత పెట్టాడు?

ఏడ్చే హక్కు

దుఃఖంలో ఉన్న క్రైస్తవునికి తోటి విశ్వాసులు తరచుగా చెప్పే మాట ‘ఏడవవద్దు, దేవుడు చూసుకుంటాడు’ అని. మాట మంచిదే. కానీ బైబిలు తానే ఏడుపుకు ఎంత చోటిచ్చిందో గమనిస్తే ఈ మాటలోని తొందరపాటు తెలుస్తుంది. కీర్తనల గ్రంథంలో స్తుతికీర్తనలతోపాటు విలాపాలు విరివిగా ఉన్నాయి. వాటిలో అధికభాగం మొరతో మొదలై నమ్మకంతో ముగుస్తాయి. 88వ కీర్తన అలా ముగియదు. చివరి మాట చీకటి. దాన్ని సవరించి ఆశాజనకంగా ముగించాలని సంకలనకర్తలెవరూ అనుకోలేదు. అలాగే ఉంచి ఆరాధనలో పాడుకున్నారు. సిలువమీద యేసు పలికినట్టు మార్కు సువార్త నమోదు చేసిన ఆఖరి మాట కూడా ఒక విలాపకీర్తన తొలి పాదమే.

యోబు స్నేహితుల కథ ఈ విషయంలో హెచ్చరిక. వారు అతడిని చూడవచ్చినప్పుడు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మాటలేకుండా కూర్చున్నారు. వారు చేసిన మేలంతా అదే. నోరు విప్పినప్పటినుంచి అధర్మం మొదలైంది. వారు చెప్పినవి అబద్ధపు సూక్తులు కావు. విడివిడిగా తీసుకుంటే వాటిలో చాలావాటిని వాగ్దానపు అట్టల మీద అచ్చువేయవచ్చు. అయినా గ్రంథాంతంలో దేవుడు వారిమీద కోపించి, తనను గురించి యుక్తంగా పలికినవాడు మొరపెట్టి వాదించిన యోబేనని తీర్పు చెప్పాడు. సత్యవాక్యం కూడా తగని చోట పలికితే తగనిదవుతుంది. శోధన ఘట్టంలో అపవాది యేసు ఎదుట 91వ కీర్తనను ఉదాహరించాడని మత్తయి చెప్పడం ఇదే విషయానికి మరొక సాక్ష్యం. వాక్యం ఉదాహరించినంత మాత్రాన ఉదాహరించినవాడి ఉద్దేశం పవిత్రం కాదు.

విలాపవాక్యముల గ్రంథం మూడవ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. బాధితుడు మూతిని ధూళిలో పెట్టుకోవాలనీ, ఒకవేళ నిరీక్షణ ఉండవచ్చుననీ అక్కడి భావం. ‘ఒకవేళ’ అన్న ఆ మాట విలువైనది. నిశ్చయం లేనిచోట నిశ్చయం నటించకుండా మిగిలిన నిరీక్షణ అది. పౌలు కూడా కళ్లకు కనబడుతున్నదాన్ని నిరీక్షించడం ఉండదని రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో వాదించాడు. ఐదవ అధ్యాయంలో శ్రమనుంచి ఓర్పు, ఓర్పునుంచి పరీక్షకు నిలిచిన గుణం, దానినుంచి నిరీక్షణ పుడతాయని వరుస చెప్పాడు. ఆ వరుసలో నిరీక్షణ చివరిది. మొదటి మెట్టును దాటవేసి చివరి మెట్టు మీద నిలబెట్టబోతే మనిషి పడిపోతాడు.

ఎ. కొండూరు: ఒక పరీక్ష

తిరువూరు నియోజకవర్గంలోని ఎ. కొండూరు మండల తండాలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి చాలా కుటుంబాలను కుంగదీసిన సంగతి కొన్నేళ్లుగా పత్రికలకెక్కుతూనే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినగానే గుర్తుకు వచ్చే వ్యాధే ఇక్కడా. స్థానికుల అనుమానం ప్రధానంగా తాగునీటి మీదికి వెళ్లింది; బోరునీటికి బదులు కృష్ణా జలాలు ఇవ్వాలన్న కోరిక దానితోనే బలపడింది. వ్యాధి ముదిరినవారికి మిగిలేది డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ గంటల తరబడి యంత్రానికి అతుక్కొని ఉండాలి. ఆ రోజులలో కూలి ఉండదు. తోడు వెళ్లినవారికీ ఉండదు.

అటువంటి ఇంటికి ఓదార్పు చెప్పడానికి వెళ్లినవారు ఏ వాక్యం చదవాలి? తండాలవారు ఏ మతస్థులన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మంచి సమరయుని ఉపమానం ఆ ప్రశ్నను ముందే పక్కకు నెట్టింది. స్వస్థత వాగ్దానం చదివి, మందులు మానినా పరవాలేదన్న భావం కలిగిస్తే అది హనన్యా మాట. వ్యాధి పాపఫలమని సూచిస్తే అది యోబు స్నేహితుల మాట. ఏమీ అనలేక మౌనంగా కూర్చుంటే అది వారి మొదటి ఏడు రోజుల మేలు. ఆసుపత్రికి తోడు వెళ్లి, ఆ రోజు కూలి కోల్పోయి, తిరిగి వచ్చాక మంచినీటి కోసం అధికారులకు అర్జీ రాయడంలో సాయపడితే అది అనాతోతు పొలం కొనడం.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఈ విషయంలో నిర్మొహమాటంగా మాట్లాడింది. బట్టలు లేక, నాటికి తిండి లేక ఉన్నవారికి కావలసినవి ఇవ్వకుండా, చలి కాచుకోండి, తృప్తి పొందండి అని దీవించి పంపడంవల్ల ప్రయోజనమేమిటని అడిగింది. దీవెన కూడా ఒక రకమైన తప్పించుకోలు కాగలదని లేఖనం తానే అంగీకరించిన చోటు ఇది. దీన్నిబట్టి చూస్తే, క్రియ లేని ప్రోత్సాహాన్ని విమర్శించడానికి బైబిలు బయటకు వెళ్లనవసరం లేదు.

మరొక వైపు కూడా చూడాలి. క్రియ చాలు, వాక్యం అనవసరమనే వాదం పూర్తి సత్యం కాదు. నీటి పథకం వచ్చినా, పోయిన మూత్రపిండం తిరిగి రాదు. యంత్రం పక్కన గంటల తరబడి పడుకున్న మనిషికి ఆ గంటలను ఎలా భరించాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. బాగుచేయగలిగినదానికి క్రియ కావాలి. బాగుచేయలేనిదాని ఎదుట మనిషి కుంగిపోకుండా ఉండడానికి మాట కావాలి. కంఠస్థమైన కీర్తన ఒకటి ఆ సమయంలో పనికివస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుకొని ఎందరో రచించిన తెలుగు క్రైస్తవ కీర్తనలు అక్షరం రానివారి నాలుకలమీద నిలిచి చేసిన సేవ ఇదే. పుస్తకం తెరవలేని చేతికి పాట అందుతుంది.

ఆక్షేపణలు, సమాధానాలు

నిరీక్షణకు వ్యతిరేకంగా తత్త్వచింతనలో రెండు బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది స్పినోజాది. ఆశ, భయం కవలలనీ, ఒకటి ఉన్నచోట రెండోది ఉంటుందనీ, రెండూ జ్ఞానలోపానికి గుర్తులనీ ఆయన అభిప్రాయం. మన వైరాగ్య సంప్రదాయానికి ఇది దగ్గరి వాదం. ఫలితం మీద మనసు నిలిపే ఆశ విషయంలో ఈ వాదం సరైనదే. పూత నిలుస్తుందన్న ఆశ, రాలుతుందేమోనన్న భయం ఒకే కొమ్మకు పూస్తాయి. అయితే హబక్కూకు గ్రంథపు చివరి అధ్యాయం ఈ ఆక్షేపణకు లోబడని నిరీక్షణను చూపుతుంది. అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలం పండకపోయినా, శాలలో పశువులు లేకపోయినా ఆనందిస్తానని ప్రవక్త నిశ్చయించుకున్నాడు. ఫలితం మీద ఆధారపడనిదాన్ని ఫలభంగ భయం తాకలేదు. గీత బోధించిన ఫలాపేక్షారాహిత్యానికి ఇది పొరుగునే ఉన్నదని చెప్పవచ్చు. అయితే ఇక్కడి ఆధారం నిస్సంగత్వం కాదు, ఒక వ్యక్తిమీది నమ్మకం. గాబ్రియేల్ మార్సెల్ ఆశకూ కోరికకూ మధ్య గీసిన గీత కూడా ఈ చోటునే తాకుతుంది.

రెండవ ఆక్షేపణ మార్క్స్‌ది. 1844లో ఆయన మతాన్ని ప్రజల నల్లమందు అన్నాడు. అదేచోట దాన్ని పీడితుల నిట్టూర్పుగా కూడా గుర్తించాడన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. పరలోకంలో మేలు కలుగుతుందన్న మాట భూలోకంలో కూలి పెంపును అడగనివ్వకపోతే ఆ ఆక్షేపణ న్యాయమైనది. దానికి మాటలతో సమాధానం చెప్పడం కష్టం, బతుకులతోనే చెప్పాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్నిబట్టి హోదాను పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు విస్తరించలేదు. అంటే క్రైస్తవునిగా బహిరంగంగా నిలబడడం ఒక దళితునికి నష్టం తెచ్చే నిర్ణయం. నష్టాన్ని ఎరిగి చేసే నిర్ణయాన్ని మత్తు అనడం తేలిక కాదు. ఆ నష్టానికి జంకి విశ్వాసాన్ని లోపలే దాచుకున్నవారిని తప్పుపట్టడం అంతకన్న తేలిక కాకూడదు.

తెలుగు సాహిత్యం ఈ చర్చలో తన సాక్ష్యాన్ని ఇచ్చింది. గుర్రం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో దేవాలయ ప్రవేశం లేని పేదవాడు తన మొరను శివునికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. క్రైస్తవ గృహంలో పెరిగిన కవి, హైందవ దైవానికి, గుడిలోకి స్వేచ్ఛగా వెళ్లగల ప్రాణి ద్వారా పంపిన విన్నపమిది. బైబిలులోని విలాపకీర్తనలకు దీనికి జాతి ఒకటే. మొరపెట్టడం నిరాశకు గుర్తు కాదు; వినేవాడు ఉన్నాడన్న నమ్మకం పూర్తిగా చచ్చిపోయినవాడు మొరపెట్టడు.

ఉపసంహారం

ఈ పరిశీలననుంచి లేఖనాదరణకు మూడు నియమాలు తేలుతున్నాయి. అది సత్యం చెప్పాలి. 70 ఏళ్ల చెరను రెండేళ్లని చెప్పకూడదు. అది ఏడుపుకు చోటివ్వాలి. 88వ కీర్తనను గ్రంథంనుంచి చించివేయకూడదు. చెప్పినవాడు దానిలో కొంత ఖర్చు పెట్టాలి. పంక్తిలో పక్కన కూర్చోవాలి. ఈ మూడూ ఉన్నప్పుడు నిరీక్షణ మనిషిని పైకి తెచ్చే సూత్రమవుతుంది. ఏది లోపించినా అది మన పూర్వులు శంకించిన ఆశాపాశంగానే మిగులుతుంది.

వాగ్దానపు అట్టల ఆచారాన్ని ఈ కారణంగా తిరస్కరించనవసరం లేదు. వెయ్యి పుటల గ్రంథాన్ని ఒక పేదవాడు ఇంటికి తీసుకువెళ్లడానికి అది ఒక తలుపు. అయితే తలుపు దగ్గరే ఆగిపోకూడదు. డిసెంబరు 31 రాత్రి యిర్మీయా వాక్యం అందుకొన్నవారు మరునాడు ఉదయం ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చదివితే, లేదా ఎవరిచేతనైనా చదివించుకొని వింటే, అందులో తమ ఏడాదికి హామీ కనబడకపోవచ్చు. ఇల్లు కట్టుకొమ్మని, తోట నాటుకొమ్మని, ఊరి క్షేమం కోరుకొమ్మని చెప్పిన మాట కనబడుతుంది. తిరువూరు చుట్టుపక్కల పల్లెలకు అది అర్థం కాని ఉపదేశం కాదు. అక్కడివారు ఏటేటా చేస్తున్న పనే అది.